నా కోడ్ మింగేసిన గుడి: కీబోర్డ్ వెనక అసలేం జరుగుతుంది?

ఇవాళ శాలిబండలో మా ఇంటి మేడ మీద నుంచి షూట్ చేస్తున్నా. కింద బండ్ల హారన్లు వినిపిస్తాయి, కొంచెం సర్దుకోండి.

ముందు ఒక చిన్న పని చేద్దాం. ఫోన్‌లో నోట్స్ యాప్ తెరిచి, తెలుగు కీబోర్డ్‌తో 'జ్ఞానేశ్వరి' అని కొట్టండి. కొట్టారా? ఎన్ని అక్షరాలు? జ్ఞా, నే, శ్వ, రి. నాలుగు. ఒకటో క్లాసు పిల్లోడైనా నాలుగే అంటాడు. ఇప్పుడు బ్యాక్‌స్పేస్ కొట్టుకుంటూ వెనక్కి రండి. ఎన్నిసార్లు కొడితే మొత్తం పోయిందో లెక్కపెట్టండి. చాలా ఫోన్లలో పదకొండు సార్లు.

ఆ నాలుగుకీ ఈ పదకొండుకీ తేడా పట్టించుకోక నేనొక పెళ్ళి కార్డు పాడుచేశాను. ఒక కార్డు కాదు, 400 కార్డులు.

అప్పటికి నేను బీటెక్ అయిపోయి, ఒక కంపెనీలో చేరి రెండేళ్ళు. వెబ్‌సైట్లకి ముందు కనిపించే భాగం రాసేవాణ్ణి. నా ఫ్రెండ్ వాళ్ళ నాన్నకి ఛత్తా బజార్‌లో కార్డుల షాప్ ఉంది. ఛత్తా బజార్ తెలియనివాళ్ళకి చెప్తా: చార్మినార్ నుంచి పెద్ద దూరం కాదు, పెళ్ళి కార్డులు, ప్రింటింగ్ ప్రెస్సులు, ఉర్దూ చేతిరాత రాసే కాతిబ్‌లు ఉండే బజారు. మా బస్తీల్లో ఎవరింట్లో పెళ్ళైనా కార్డు అక్కడిదే. ఒకే షాపులో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీష్ మూడూ కొడతారు. మా చాచా, అంటే ఫ్రెండ్ వాళ్ళ నాన్న, ఉర్దూకి ఇన్‌పేజ్ వాడేవాడు, తెలుగుకి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు. కస్టమర్ కాగితం మీద పేరు రాసిస్తాడు, కుర్రాడు దాన్ని చూసి కొడతాడు, తప్పొస్తుంది, కస్టమర్ అరుస్తాడు. రోజూ ఇదే.

నేను గొప్పగా అన్నా: "చాచా, కస్టమర్ ఫోన్‌లోనే పేరు కొట్టుకునేలా ఒక ఫారం చేసిస్తా. యూనికోడ్‌లో వస్తుంది. డిజైన్‌లో నేరుగా కూర్చుంటుంది. మీ కుర్రాడు మళ్ళీ కొట్టే పనే ఉండదు."

చాచా ఒక్కటే కండిషన్ పెట్టాడు. "బేటా, పేరు పెద్దగా పడాలె. పది అక్షరాలు దాటితే డిజైన్‌లో పట్టదు."

పది అక్షరాలు. ఆ మాట గుర్తుపెట్టుకోండి. చాచా అన్న అక్షరం వేరు, నేను విన్న అక్షరం వేరు.

నేను ఏం చేశానో చెప్పేముందు, కీ నొక్కితే ఏం జరుగుతుందో చూద్దాం. మనమంతా అనుకునేది ఏంటంటే, కీబోర్డ్ మీద 'ఎ' అని రాసుంది, అది నొక్కితే 'ఎ' కంప్యూటర్‌లోకి పోతుంది అని. పోదు. కీబోర్డ్‌కి అక్షరాలు తెలియవు. యూఎస్‌బీ కీబోర్డ్‌లో మీరు 'ఎ' నొక్కితే అది పంపేది 4 అనే నంబర్. అంతే. "నాలుగో నంబర్ కీ కిందికి పోయింది" అని చెప్తుంది. దాన్ని ఏ అక్షరంగా మార్చాలో ఆపరేటింగ్ సిస్టమ్ చూసుకుంటుంది, అది కూడా మీరు ఏ లేఅవుట్ పెట్టుకున్నారన్న దాన్ని బట్టి. ఇంగ్లీష్ లేఅవుట్ అయితే 'ఎ'. ఫ్రాన్స్‌లో ఉన్నవాడికి అదే కీ నొక్కితే 'క్యూ' వస్తుంది. మన ప్రభుత్వ స్టాండర్డ్ ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ పెట్టుకుంటే అదే కీకి ఓత్వం వస్తుంది. అందుకే బ్రౌజర్‌లో ప్రోగ్రామ్ రాసేవాళ్ళకి రెండు వేర్వేరు సంగతులు ఇస్తారు: ఈవెంట్ డాట్ కోడ్ అంటే ఏ కీ, ఈవెంట్ డాట్ కీ అంటే ఆ కీకి వచ్చిన అక్షరం. గేమ్ రాస్తే మొదటిది కావాలి, ఎందుకంటే బొమ్మ ఎడమకి జరగాలంటే కీ ఎక్కడుందన్నదే ముఖ్యం. పేరు రాయించుకుంటే రెండోది కావాలి అనిపిస్తుంది కదా? అది కూడా సరిపోదు. అక్కడికే వస్తున్నా.

నా మొదటి వెర్షన్‌లో నేను కీడౌన్ ఈవెంట్ పట్టుకున్నా. కీడౌన్ అంటే కీ కిందికి పోయిన క్షణం. ఆ క్షణంలో బాక్స్‌లో ఇప్పటికే పది ఉంటే, కొత్త కీని అడ్డుకో. అంకె అయితే అడ్డుకో. లాప్‌టాప్‌లో టెస్ట్ చేశా, పేరు ఇంగ్లీష్‌లో కొట్టా, బ్రహ్మాండంగా పనిచేసింది. చాచాకి చూపించా, ఖుష్. చాయ్ తాగించాడు.

మర్నాడు ఫోన్‌లో తెరిస్తే నా అడ్డుకోవడం ఏదీ పనిచేయట్లేదు. అంకెలు పడుతున్నాయి, పది దాటుతున్నాయి. డీబగ్ చేసి చూస్తే, ఏ కీ నొక్కినా ఒకటే నంబర్ వస్తోంది: 229. క నొక్కితే 229, మ నొక్కితే 229. కీ పేరు అడిగితే 'అన్‌ఐడెంటిఫైడ్' అంటోంది.

ఆండ్రాయిడ్‌లో వెబ్ పేజీలు రాసినవాళ్ళెవరికైనా ఈ 229 తగిలే ఉంటుంది. దానర్థం "ఇక్కడ ఏదో కీబోర్డ్ సాఫ్ట్‌వేర్ పని చేస్తోంది, అది తేల్చేదాకా నన్నడక్కు" అని. ఆండ్రాయిడ్ డాక్యుమెంటేషన్‌లోనే రాసుంది: స్క్రీన్ మీద కనిపించే కీబోర్డ్ కీ ఈవెంట్లు పంపుతుందని నమ్ముకోవద్దు అని. మొదట నాకు కోపమొచ్చింది. తర్వాత ఆలోచిస్తే న్యాయమే. మీరు అక్షరాల మీద వేలు జారించి పదం రాస్తారు. ఏ కీ నొక్కినట్టు? మైక్ నొక్కి "జ్ఞానేశ్వరి" అని నోటితో చెప్తారు. ఏ కీ నొక్కినట్టు? ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టి, పైన వచ్చిన తెలుగు పదాన్ని ఎంచుకుంటారు. ఒక్క తాకుడుకి మొత్తం పేరు వచ్చి పడుతుంది. కీ అన్నదే లేదు అక్కడ. అక్షరాలు మాత్రం వచ్చాయి.

ఇది మన భాషలకే ఉన్న గొడవ అనుకోకండి. యూరప్ వాళ్ళకి ఎప్పటి నుంచో ఉంది. 'కెఫే' అన్న ఫ్రెంచ్ మాటలో చివరి అక్షరం మీద చిన్న వాలు గీత ఉంటుంది. మన ఇరానీ కేఫ్‌లోని కేఫ్ కూడా ఆ మాటే, మనం గీత తీసేసి చాయ్ పోశాం. కొన్ని కీబోర్డుల్లో ఆ గీత కొట్టాలంటే ముందు గీత కీ నొక్కాలి. నొక్కితే ఏమీ కనిపించదు. తర్వాత అక్షరం కీ నొక్కితే, రెండూ కలిసి గీతతో ఉన్న అక్షరం వస్తుంది. ఆ మొదటి కీని డెడ్ కీ అంటారు. టైప్‌రైటర్ రోజుల పేరు అది: గీత కొడుతుంది కానీ కాగితం జరగదు, అందుకని చచ్చిన కీ.

చూడండి, అక్కడ రెండు కీలకి ఒక అక్షరం. మన దగ్గర వరస తిరగబడుతుంది, ముందు హల్లు, తర్వాత గుణింతం. ఇన్‌స్క్రిప్ట్‌లో 'శ్రీ' కొట్టాలంటే శ, పొల్లు, ర, దీర్ఘ ఈత్వం, నాలుగు కీలు. కంటికి ఒకటే అక్షరం. విండోస్‌లో ఇంకో సరదా ఉంది. టూయూనికోడ్ అని ఒక ఫంక్షన్, "ఈ కీకి ఏ అక్షరం?" అని అడగడానికి. కొంతమంది షార్ట్‌కట్ సాఫ్ట్‌వేర్ రాస్తూ ప్రతి కీకి దాన్ని పిలుస్తారు. డెడ్ కీ నొక్కినప్పుడు పిలిస్తే, లోపల ఎదురుచూస్తున్న గీతని ఆ ప్రశ్నే తినేస్తుంది. పాపం ఫ్రెంచ్ వాడికి గీత ఒకచోట, అక్షరం ఒకచోట పడతాయి. ఊరికే చూద్దామని మూత తీస్తే ఆవిరి పోయినట్టు.

సరే, నా కథకి వద్దాం. కీడౌన్ పనికిరాదని తెలిశాక రెండో వెర్షన్ రాశా. ఈసారి ఇన్‌పుట్ ఈవెంట్. అంటే కీ సంగతి వదిలేసి, బాక్స్‌లో ఏదైనా మారినప్పుడు చూడటం. దారి కరెక్టే. కానీ నేను చేసిందేంటంటే, మారిన ప్రతిసారీ బాక్స్‌లో ఉన్నదాన్ని పదికి కత్తిరించి, మళ్ళీ బాక్స్‌లో పెట్టడం.

అప్పుడు చూడాలి తమాషా. 'రమ్య' అని కొడితే 'రరమరమ్య' లాంటిదేదో వస్తోంది. ఎందుకంటే మీరు పదం పూర్తి చేసేదాకా ఫోన్ కీబోర్డ్ దాన్ని ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంటుంది. పదం కింద సన్నని గీత కనిపిస్తుంది చూడండి, అదే గుర్తు. "ఇది ఇంకా ఫైనల్ కాదు, మార్చొచ్చు" అని. దీన్ని కంపోజిషన్ అంటారు. మొదలైనప్పుడు కంపోజిషన్ స్టార్ట్, మారుతుంటే అప్‌డేట్, మీరు స్పేస్ కొట్టాకో పదం ఎంచుకున్నాకో ఎండ్. ఆ మధ్యలో నా కోడ్ పోయి బాక్స్‌ని తిరగరాస్తే, కీబోర్డ్ తన చేతిలో ఉన్న ముక్కని మళ్ళీ తెచ్చి పెడుతుంది. మనిషి మాట పూర్తి చేయకముందే అడ్డుపడితే అతను మొదటి నుంచి మొదలుపెడతాడు గదా, అట్లా.

సరైన పరిష్కారం కంపోజిషన్ ఎండ్ అయ్యేదాకా ఆగడం. నేను ఆగలేదు. అప్పటికే రాత్రి రెండైంది, పొద్దున ఆఫీసుంది. ఈజీ దారి వెతుక్కున్నా. బాక్స్‌ని అసలు ముట్టుకోవద్దు, చివర్లో సబ్మిట్ నొక్కినప్పుడు పదికి కత్తిరించేద్దాం. మూడో వెర్షన్. డబుల్ అక్షరాలు పోయాయి, స్క్రీన్ మీద అంతా శుభ్రంగా ఉంది. దీనికంటే ప్రమాదకరమైన కోడ్ నేను ఇంతవరకు రాయలేదు. మొదటి రెండూ కళ్ళముందే తప్పు చేశాయి. ఇది కనిపించకుండా చేసింది.

నెలన్నర ఏమీ కాలేదు. సరిత అంటే నాలుగు, రమ్య అంటే నాలుగు, ఫాతిమా అంటే ఆరు. శ్రీనివాస్ సరిగ్గా పది, అంచు మీద బతికిపోయాడు.

తర్వాత లాల్ దర్వాజా నుంచి ఒక ఫ్యామిలీ వచ్చింది. పెళ్ళికూతురి పేరు జ్ఞానేశ్వరి అనుకోండి. అసలు పేరు చెప్పను, లెక్క మాత్రం ఇదే. తమ్ముడు ఫోన్‌లో ఫారం నింపాడు. కంప్యూటర్ లెక్కలో ఆ పేరు ఇలా ఉంటుంది: జ, పొల్లు, ఞ, దీర్ఘం, న, ఏత్వం, శ, పొల్లు, వ, ర, చివర గుడి. పదకొండు. నా కోడ్ పది ఉంచి పదకొండోది తీసేసింది. 'రి' మీది గుడి పోయింది. మిగిలింది 'జ్ఞానేశ్వర'.

అడ్డదిడ్డంగా తెగి ఉంటే ఎవరైనా పట్టుకునేవాళ్ళు. ఇది చక్కగా ఇంకో పేరైంది. ప్రూఫ్ వాట్సాప్‌లో పంపారు, తమ్ముడు ఫొటో తెరవకుండానే బొటనవేలు పెట్టాడు. చాచాకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం అంతంతే. 400 కార్డులు బంగారు రంగులో ప్రింటై ఇంటికెళ్ళాయి. అందరూ డిజైన్ చూశారు, వినాయకుణ్ణి చూశారు, కాగితం తడిమి చూశారు. చదివింది ఒక్క నాయనమ్మే. వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "ఇదేందిరా, చి॥ల॥సౌ॥ అని పెట్టి మొగపిల్లగాని పేరు ఏసిన్రు?" అన్నదట.

పెళ్ళికి పదిహేడు రోజులు. ఆ రోజు సాయంత్రం షాపులో నేను నిలబడ్డ తీరు ఇప్పటికీ గుర్తుంది. ఆ అంకుల్ అరవలేదు. "బాబూ, మా బిడ్డ పేరే కదా మేం అడిగింది" అన్నాడు, అంతే. అరిచినా బాగుండేది.

కార్డుల సంగతి చివర్లో చెప్తా. ముందు కోడ్ ఎలా సరిచేశానో చెప్పనివ్వండి, ఈ ఎపిసోడ్ చూసి ఎవరైనా ఒక ఫారం సరిచేసుకుంటారేమో.

మొదటిది, కీలని పట్టుకోవడం మానేశా. బాక్స్‌లోకి ఏం వచ్చిందో అదే చూస్తా, కంపోజిషన్ నడుస్తుంటే ముట్టుకోను. ఈజ్‌కంపోజింగ్ అని ఒక గుర్తు ఉంటుంది, అది ట్రూ అయితే నా కోడ్ నోరు మూసుకుంటుంది.

రెండోది, లెక్క. జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ అని అడిగితే జ్ఞానేశ్వరికి 11 అంటుంది. డేటాబేస్ బైట్లలో కొలిస్తే 33, ఎందుకంటే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు ముక్కకి 3 బైట్లు. మనిషి లెక్కకి దగ్గరగా వచ్చేది గ్రాఫీమ్ క్లస్టర్ అనే లెక్క, దానికి ఇంటెల్ సెగ్మెంటర్ అని ఒక పరికరం ఉంది. ఇంటెల్ అంటే చిప్ కంపెనీ కాదు, ఇంటర్నేషనల్‌కి పొట్టిపేరు. ఇందులోనూ ఒక మెలిక. యూనికోడ్ పాత రూల్ ప్రకారం పొల్లు దగ్గర అక్షరం తెగేది: జ్, ఞా, నే, శ్, వ, రి. ఆరు. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 15.1 వెర్షన్‌లో తెలుగు, దేవనాగరి లాంటి కొన్ని లిపులకి రూల్ మార్చారు, ఒత్తుతో సహా ఒకే ముక్క అని. ఇప్పుడు నాలుగు. ఒకే పేరు, నాలుగు, ఆరు, పదకొండు, ముప్పై మూడు. మన ఛందస్సులో ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు అన్నవాళ్ళు ఎప్పుడూ ఈ నాలుగు లెక్కే లెక్కపెట్టారు. యూనికోడ్ వాళ్ళు 2023లో అక్కడికి చేరుకున్నారు.

ఈ 'జ్ఞా' మామూలుది కాదు కూడా. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకి చుక్కలు చూపించింది ఇదే. జ, పొల్లు, ఞ, ఒక కనిపించని క్యారెక్టర్, దీర్ఘం, ఈ వరసలో మెసేజ్ వస్తే యాప్ క్రాష్ అయ్యేది. ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి ఆపింది. ఆ కనిపించని క్యారెక్టర్‌ని మీరూ రోజూ చదువుతుంటారు. 'సాఫ్ట్‌వేర్' అని రాస్తే ట కింద వ ఒత్తుగా పోకుండా విడిగా నిలబెట్టేది అదే. అందుకని "కనిపించనివన్నీ చెత్త, తీసేయ్" అని కోడ్ రాసేవాళ్ళకి నా దండం. ఇంకో రకం వాళ్ళున్నారు, "పేరులో అక్షరాలే ఉండాలి" అని యూనికోడ్‌లో లెటర్ అన్న కేటగిరీని మాత్రమే ఒప్పుకునేవాళ్ళు. మన గుణింతాలు, పొల్లు ఆ కేటగిరీలో లేవు, మార్క్ అనే వేరే కేటగిరీలో ఉన్నాయి. ఆ ఫిల్టర్‌లో వేస్తే జ్ఞానేశ్వరి 'జఞనశవర' అయి బయటికొస్తుంది.

మూడోది, వెతకడం. సైదాబాద్ అని రాయండి. అందులో ఐత్వాన్ని రెండు రకాలుగా దాచుకోవచ్చు: ఒకే ముక్కగా, లేదా ఎత్వం ఒకటి, దాని కింది గుర్తు ఒకటి, రెండు ముక్కలుగా. చూడటానికి రెండూ ఒకటే. ఫ్రెంచ్ వాడి గీతకీ ఇదే కథ. ఒకరు ఒక రకంగా సేవ్ చేసి, ఇంకొకరు ఇంకో రకంగా వెతికితే దొరకదు. నార్మలైజ్ అని ఒక లైన్ రాస్తే ఎన్ఎఫ్‌సీ అనే పద్ధతిలో రెండూ ఒకటవుతాయి. కానీ చాచా ఉర్దూకి వచ్చేసరికి అదీ చాలలేదు. అరబిక్ కీబోర్డ్ యే వేరు, ఉర్దూ కీబోర్డ్ యే వేరు. పదం మధ్యలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, నార్మలైజ్ చేసినా కలవవు. గల్ఫ్‌లో ఉన్న పెళ్ళికొడుకు అరబిక్ కీబోర్డ్‌తో కొట్టి పంపిన పేరు, షాపులో ఉర్దూ కీబోర్డ్‌తో వెతికితే లేదనేది. దానికి నేనే చేత్తో ఒక పట్టిక రాసుకోవాల్సి వచ్చింది.

నాలుగోది ముఖ్యం. ఇప్పుడు నా ఫారం ఏదీ కత్తిరించదు. పేరు పెద్దదైతే, "ఈ డిజైన్‌లో పట్టదు, ఫాంట్ తగ్గిస్తాం, చూడండి" అని చెప్పి, ప్రింట్‌లో ఎలా ఉంటుందో అలాగే చూపిస్తుంది. కింద ఒక బాక్స్ ఉంటుంది: "ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించాం" అని టిక్ పెడితేనే ముందుకి పోతుంది. అది నాయనమ్మ కోసం.

ఇక ఆ 400 కార్డులు. ఒక్కో కార్డు 22 రూపాయలు, మొత్తం 8,800. మళ్ళీ కొట్టిద్దామంటే ఆ బంగారు కాగితం స్టాక్ లేదు, రావడానికి పది రోజులు. డబ్బు నేనిస్తా అన్నా కాగితం రాదు గదా. చాచా కాసేపు ఆలోచించి, గల్లీ చివర కూర్చునే ఒక పెద్దాయన్ని పిలిపించాడు. డెబ్భై దాటిన కాతిబ్. కలం పట్టుకుని ఉర్దూ రాయడం తప్ప వేరే పని ఎప్పుడూ చేయలేదు. తెలుగు ఒక్క ముక్క రాదు.

నేను కాగితం మీద 'ర' రాసి, దాని తలకట్టు కొసని తిప్పి గుడి చేసి 'రి' చూపించా. ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని రెండుసార్లు చూశాడు. "అరే, యే తో పేష్ జైసా హై" అన్నాడు. ఉర్దూలో అక్షరం పైన పెట్టే పేష్ గుర్తుకి కూడా చిన్న చుట్ట ఉంటుంది, అలా ఉందన్నమాట. రఫ్ కాగితం మీద ఓ ఇరవై సార్లు తలకట్టుని కలుపుకుంటూ గుడి వేసి చూసుకున్నాడు. తర్వాత బంగారు సిరాలో కలం ముంచి మొదటి కార్డు తీసుకున్నాడు.

రెండు సాయంత్రాలు పట్టింది. నేను పక్కన కూర్చుని కార్డులు అందించడం, ఆరినవి పేర్చడం. ఆయన కూలీ నేనే ఇచ్చా, చాచా వద్దంటున్నా వినలేదు. మూడు కార్డుల మీద సిరా జారింది, 397 వెళ్ళాయి. ఆ మూడింట్లో ఒకటి నా దగ్గరే ఉంది, ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడతా. కనిపిస్తోందా? ప్రింట్ అయిన బంగారం కొంచెం పసుపు, చేత్తో వేసిన గుడి కొంచెం ఎరుపు. వెలుతురులో వంచితేనే తెలుస్తుంది.

పెళ్ళికి నన్నూ పిలిచారు. నాయనమ్మ నన్ను గుర్తుపట్టి, "నువ్వేనా మా పిల్లను మొగపిల్లగాన్ని చేసింది?" అని అందరి ముందూ అడిగింది. తర్వాత పక్కన కూర్చోబెట్టి బగారా అన్నం పెట్టించింది.

ఇవాల్టికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో అను ఫాంట్ల పాత ఫైళ్ళని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు వచ్చే గోల చెప్తా, చాచా షాపులోనే షూట్ చేస్తా. ఉంటా మరి.